తీసేసిన రెండు మాటలు

“మా మామ అబద్ధాలాడెటోడా సార్?”

మొన్న శుక్రవారం మధ్యాహ్నం, బహ్రెయిన్‌లోని జింజ్‌లో మా ఫ్లాట్‌లో కంచం ముందు కూర్చున్నప్పుడు వచ్చిన ఫోన్లో నేను విన్న మొదటి మాట ఇది. నంబరు ఇండియాది, యాస జగిత్యాల వైపుది. తన మేనమామ పోయి ఆరు రోజులైందనీ, ఆయన పెట్టెలో ఒక పుస్తకం దొరికిందనీ, అట్ట లోపల నా ఫోన్ నంబరు రాసి ఉందనీ చెప్పాడతను. మామ ఎవరో చెప్పే లోపే నాకు తెలిసిపోయింది. నా నంబరు అట్ట లోపల రాసి ఇచ్చింది నేనే.

“ఆ పుస్తకంల చందమామ పాట ఉంది సార్. చీనాయన కాడ విని నేనే తెలుగు చేసిన అని మా మామ ఊరంత చెప్పెటోడు. అందరు నవ్వెటోళ్లు. ఇప్పుడు సూస్తె పాట కింద మీ పేరుంది. మా అత్తేమో సమాధి మీద ఆ పాట రాయాలె, కింద ఆయన పేరే పెట్టాలె అంటుంది. పెద్దమనుషులు ఒప్పుకుంట లేరు. ఎవలదో పాట తెచ్చి మనోనిదని రాస్తె పాపం, బతికినన్ని దినాలు ఆడింది సాలదా అంటున్రు. రంగులు రాసెటాయన వచ్చి కూసున్నడు. ఏం జెయ్యమంటరు?”

కంచం పక్కకు జరిపాను. ఆ మనిషిని అబద్ధాలకోరు అన్న పెద్దమనుషుల మీద ఒళ్లు మండింది. ఆయన ఊళ్లో పడవ నడిపిన రోజుల్లో, దాటించమన్నప్పుడు వాళ్ల ప్రాణాలన్నీ ఆయన చేతిలోనే పెట్టి కూర్చున్నారు కదా, చచ్చాక మాట మీద నమ్మకం పోయిందా అని అడగాలనిపించింది. పది నిమిషాల్లో నేనే చేస్తానని పెట్టేశాను. నా కోపం వెళ్లాల్సిన చోటికి వెళ్లడానికి ఆ పది నిమిషాలు పట్టింది.

ఆయన పేరు ఇక్కడ రాయను. రాయాల్సిన రోజున రాయకుండా, ఇప్పుడు రాసి మంచివాణ్ణి అనిపించుకోవడం నాకు ఇష్టం లేదు.

ఇక్కడి మీనా సల్మాన్ రేవులో ఓడలు బాగుచేసే వర్క్‌షాపులో నేను స్టోర్ కీపర్ని. ఆయన ఓడల పొట్టకు పట్టిన తుప్పు గీకే పని చేసేవాడు. వయసులో నాకన్నా పదేళ్లు పెద్ద. అయినా నేను ‘నువ్వు’ అనేవాణ్ణి, ఆయన ‘మీరు’ అనేవాడు. గల్ఫులో మర్యాద వయసుకు కాదు, కుర్చీకి. నాకు కుర్చీ ఉంది, ఆయనకు సుత్తి ఉంది.

ఆ సుత్తితో తుప్పు కొట్టే ముందు ఇనుప రేకును రెండుసార్లు మెల్లగా తట్టి చెవి పెట్టి వినేవాడు. ఎక్కడైనా ఆగి, “ఈడ పానం లేదు,” అనేవాడు. ఫోర్‌మన్ విసుక్కునేవాడు. “యల్లా భాయ్, పని కానివ్వు, వినడానికి కాదు నిన్ను తెచ్చింది.” రెండు రోజుల తర్వాత మందం కొలిచే మిషను పెడితే సరిగ్గా అక్కడే రేకు పలచబడి ఉండేది. మిషను కనిపెట్టిందని రిపోర్టు రాసేవారు. ఆ రిపోర్టుల కాగితాలు నా స్టోరు నుంచే వెళ్లేవి. నాకు తెలుసు. ఏ రోజూ ఒక్క మాట అనలేదు.

ఆయనకొక ఊతపదం ఉండేది. “అట్ల కాదు సార్.” వాదనకు అనేవాడు కాదు. పడవ పక్కకు ఒరుగుతుంటే గడతో కొద్దిగా సర్దినట్టు అనేవాడు. బహ్రెయిన్‌ను దుబాయి అనేవాడు. ఇది దుబాయి కాదయ్యా, అది వేరే దేశం అని చెప్తే, “అట్ల కాదు సార్. ఇల్లిడిసి వచ్చినంక అంత దుబాయే,” అనేవాడు.

ఇంకొకటి, నీళ్లన్నిటినీ గంగ అనేవాడు. తుబ్లీలో వాళ్ల లేబర్ క్యాంపుకు ట్యాంకరు వస్తే గంగ వచ్చింది. జెట్టీ పక్క సముద్రం ఉప్పు గంగ. ఊళ్లో ఆయన పడవ నడిపిన గోదావరి అయితే ఒట్టి గంగ. ఏ విశేషణమూ అక్కర్లేదు. నేను గోదావరి జిల్లా వాణ్ణి. గోదావరి అంటే మా సొత్తు అన్నట్టు మాట్లాడే జనం మధ్య పుట్టాను. మొదటిసారి విన్నప్పుడు పగలబడి నవ్వాను.

“గంగ కాశీలో ఉంటుందయ్యా. మీ ఊరి మీదుగా పోయేది గోదావరి.”

“అట్ల కాదు సార్. మాకు గంగనే. మేము తానం జేసినంక మీకాడికి వస్తది గదా, అప్పుడు మీరు గోదావరి అంటరు.”

స్టోర్లో ఉన్నవాళ్లందరూ నవ్వారు. నేనూ నవ్వాను కానీ, లోపల ఎక్కడో గుచ్చుకుంది. దాన్ని మర్చిపోలేదని ఆ తర్వాత నేను చేసిన పనిని బట్టి ఇప్పుడు అర్థమవుతోంది.

ఆయన ఊరికి బ్రిడ్జి వచ్చింది. అందుకే ఆయన ఇక్కడికి వచ్చాడు. బ్రిడ్జిని తిట్టగా నేను వినలేదు. “మంచిగనే అయింది సార్. నొప్పులొచ్చిన ఆడోళ్లను దాటియ్యాలంటె నా పానం గజగజ వణికేది. ఇప్పుడు జీపుల వోతున్రు. పడవకే పని లేకపాయె.” తాతల నాటి నుంచి నీళ్ల మీద బతికిన మనిషి, నీళ్లలోంచి బయటికి లాగి పడేసిన ఓడల కింద కూర్చుని తుప్పు గీకుతూ ఈ సంగతి చెప్పేవాడు. విని ‘పాపం’ అనుకోవడం మాకు సులువు. మేము చాలా ‘పాపం’లు అనుకున్నాం.

ఒక చలికాలం చైనా ఓడ ఒకటి మరమ్మతుకు వచ్చింది. అందులో వంట చేసే ముసలాయన టీ వేళకు ఒక పాత ఫ్లాస్కు పట్టుకుని కిందికి దిగేవాడు. ఫ్లాస్కు మీద బొమ్మ. ఏరు, చిన్న పడవ, పడవ మీద గడ పట్టుకుని ఒంటరి మనిషి. పక్కన నిలువుగా నాలుగు వరుసల అక్షరాలు. మావాడికి పడవ కనిపించాక ఇంకేం కావాలి? వెళ్లి పక్కన కూర్చున్నాడు. ఆయనకు చైనా మాట తప్ప రాదు, ఈయనకు తెలుగు, నాలుగు ముక్కల హిందీ తప్ప ఇంకేదీ రాదు. నాలుగైదు రోజులు ఒకరి టీ ఒకరు తాగారు. మూగవాళ్ల సినిమా చూద్దాం రండని మా ఆఫీసు వాళ్లు కిటికీ దగ్గర చేరేవారు. వాళ్లలో నేనూ ఉన్నాను.

ఒకరోజు మావాడు వేలితో ఆ అక్షరాలు చూపించి, ఏంటని చెయ్యి తిప్పాడు. ముసలాయన ఫ్లాస్కు పక్కన పెట్టి లేచాడు. రెండు చేతులతో గడ దింపినట్టు చేశాడు. నీళ్లలో ఏదో గుండ్రంగా ఉన్నది ముక్కలైనట్టు వేళ్లు విడదీశాడు. గడ పైకి తీశాడు, వేళ్లు మళ్లీ కలిశాయి. నాలుగడుగులు నడిచి వెనక్కి తిరిగి, ఆ గుండ్రనిది తన వెంటే వస్తోందని చూపించాడు. చివరికి వంగి, కుడికాలు నేల మీద ఒత్తి తీసి, ఆ చోటును రెండు అరచేతులతో కప్పాడు. చాలాసేపు అలాగే ఉన్నాడు. తర్వాత ఒక చెయ్యి తీసి, నేలను తుడిచేసినట్టు అని, మావాడి మొహంలోకి చూశాడు.

మావాడు తల ఊపాడు. కళ్లు తుడుచుకోవడం నేను కిటికీలోంచి చూశాను. ఆఫీసులో ఎవరో ఈల వేశారు.

నాకు కుతూహలం పుట్టింది. శుక్రవారాలు మా తెలుగు చర్చి ఫెలోషిప్‌లో పాటలు రాసేవాణ్ణి కాబట్టి నేను కవినని నాకొక నమ్మకం. ఆ ఓడ సెకండ్ ఆఫీసరుకు ఇంగ్లీషు వచ్చు. అడిగితే చెప్పాడు. ఇది చాలా పాతది, ఏరు వెంట ఊరు వదిలి పోయేవాడి పాట, రాసిందెవరో తెలియదు, పేరు ఎప్పుడో పోయింది అన్నాడు. వాళ్లకు ఆ పేరు పోగొట్టుకోవడానికి కొన్ని వందల ఏళ్లు పట్టి ఉంటుంది. మేము వారంలో ఆ పని చేశాం.

అతను చెప్పిన ఇంగ్లీషును పట్టుకుని నేను మంచి భాషలో రాశాను. “నిశీథిని నౌకపై నిలిచి నింగిని గాంచితిని, శశాంకుడు నా సహచరుడు” అని మొదలుపెట్టి ఎనిమిది పాదాలు. చేతి తొడుగులు మార్చుకోవడానికి స్టోరుకు వచ్చిన మావాడికి చదివి వినిపించాను. ఓపిగ్గా విన్నాడు.

“అట్ల కాదు సార్.”

“ఏది కాదు?”

“పడవ నడిపెటోడు మీదికి సూడడు. మీదికి సూస్తె ఇసుక దిబ్బకు గుద్దుతడు. వాని కండ్లు నీళ్ల మీదనే ఉంటయి. చందమామ అగుపడ్డా నీళ్లల్లనే అగుపడాలె.”

నాకు రోషమొచ్చింది. సెకండ్ ఆఫీసరు దగ్గరికి వెళ్లి, చంద్రుడు ఆకాశంలో ఉన్నాడా నీళ్లలో ఉన్నాడా అని అడిగాను. అతను ఫ్లాస్కు తెప్పించి మళ్లీ చదివి, నీళ్లలోనే, నేనే సరిగా చెప్పలేదు అన్నాడు. ఇంగ్లీషు వచ్చిన ఇద్దరం తప్పు చదివిన పాటను, ఏ భాషా రాని ఇద్దరు తప్పు లేకుండా చదివారు.

“సరే, నువ్వే చెప్పు,” అన్నాను.

బల్ల మీద ఉన్న రసీదు తిరగేసి రాసుకున్నాను. కూర్చుని కాదు, లేచి నిలబడి, చేతులతో గడ వేస్తూ చెప్పాడు. రాస్తూ రాస్తూనే అక్కడక్కడా కొంచెం సరిదిద్దాను. సరిదిద్దడం నాకు జబ్బు. నాకు గుర్తున్నంతలో ఇదీ ఆయన పాట.

గడ దింపితె చందమామ పగిలె,
గడ లేపితె మల్ల అతికె.
ఎన్ని రేవులు దాటిన ఎంబడే వచ్చె.
గంగా, నేనెక్కిన రేవుల
నా అడుగు ఉంచినవా, తుడిసినవా?

నా ఎనిమిది పాదాల కాగితం మడిచి సొరుగులో పెట్టాను. “ఇది ఉగాది సభలో నువ్వే చెప్పాలి,” అన్నాను. మనస్ఫూర్తిగానే అన్నాను. అది గుర్తొస్తేనే ఎక్కువ సిగ్గు.

ఇక్కడి తెలుగువాళ్ల సంఘం ప్రతి ఏడూ ఉగాదికి ఒక స్కూలు హాలు తీసుకుని సభ చేసేది, ఒక సావనీర్ పుస్తకం అచ్చు వేసేది. నేను కమిటీలో ఉన్నాను. అధ్యక్షులవారు పెద్ద ఉద్యోగి, ఎప్పుడూ నవ్వుతూ మాట్లాడే మనిషి. పాట చదివి చాలా బాగుందన్నారు. ఎవరిదో చెప్పాను. నవ్వు పోలేదు కానీ కళ్లజోడు తీశారు.

“క్యాంపు వాళ్లను మనం పిలుస్తూనే ఉన్నాం కదండీ. బస్సు పంపిస్తున్నాం, భోజనం పెడుతున్నాం. వాళ్లు వస్తే కుర్చీలు వేయడానికి సాయంగానూ ఉంటుంది. కానీ స్టేజీ అంటే మరీ... సావనీర్ ఎంబసీకి కూడా వెళ్తుంది. తుప్పు గీకే ఆయన చైనా కవిత అనువదించాడంటే ఎవరు నమ్ముతారు? మీ పేరు వేసుకోండి. రాసింది మీరే కదా, కాగితం మీద.”

కాగితం మీద రాసింది నేనే. ఆ మాట నాకు నచ్చింది. ఇప్పుడు తల్చుకుంటే చెంపలు వాయించుకోవాలనిపిస్తుంది గానీ, ఆ రోజు నిజంగా నచ్చింది.

గంగను తీసేసింది మాత్రం అధ్యక్షులవారు కాదు. టైపు చేస్తున్నప్పుడు నేనే తీశాను. చైనా పాటలో గంగ ఉంటే జనం నవ్వుతారనుకున్నాను. ‘ఓ నదీ’ అని పెట్టాను. ‘తుడిసినవా’ను ‘చెరిపివేశావా’ చేశాను. యాస పోయి శుభ్రమైందనుకున్నాను.

ఉగాది సాయంత్రం క్యాంపు బస్సు అందరికన్నా ముందు వచ్చింది. మావాడు ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. జేబులో దువ్వెన. వచ్చినవాళ్లందరూ కుర్చీలు వేశారు, ఆయనా వేశాడు. పని అయ్యాక మిగతావాళ్లు వెనక వరసల్లో కూర్చుంటే, ఆయన మాత్రం స్టేజీ పక్క తలుపు దగ్గర నిలబడ్డాడు. పిలిస్తే త్వరగా ఎక్కొచ్చని. పెదాలు కదులుతున్నాయి. నేను చూసి కూడా చూడనట్టు ఉన్నాను. ముందే చెప్పి ఉండొచ్చు. ఆ పని చేయడానికి నాకు నాలుగు రోజుల సమయం దొరికింది, నోరు రాలేదు.

నా పేరు పిలిచారు. ఎక్కాను. చదివాను. ‘ఓ నదీ’ అన్నప్పుడు తలుపు వైపు చూడకూడదనుకుని చూశాను. ఆయన చేతులు రెండూ గాల్లో, గడ దింపబోయి ఆగిపోయినట్టు ఉన్నాయి. చప్పట్లు బాగా పడ్డాయి. శాలువా కప్పారు. సభ అయ్యాక నేను శాలువాతో ఫొటోలు దిగుతుంటే వెనక కుర్చీలు మడిచే చప్పుడు వినబడుతూనే ఉంది. రెండో బంతిలో భోంచేసి బస్సెక్కి వెళ్లిపోయాడు.

మర్నాడు స్టోరుకు వచ్చాడు. పాత తొడుగులు బల్ల మీద పెట్టాడు, కొత్తవి తీసుకున్నాడు. నేను సావనీర్ ఒకటి చేతిలో పెట్టాను. అట్ట లోపల నా నంబరు రాసి, ఏ అవసరమొచ్చినా ఫోన్ చెయ్యమన్నాను. తప్పు చేసినవాడికి దానగుణం ఎక్కువ.

ఆయన పేజీ తీసి, వేలు పెట్టి, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ చదివాడు. ఐదో తరగతి చదువు. కింద నా పేరు దగ్గరకు వచ్చాక వేలు ఆగుతుందని కాచుకున్నాను. ఆగలేదు. మళ్లీ పైకి వెళ్లింది.

“అట్ల కాదు సార్. రెండు మాటలు తీసిన్రు,” అన్నాడు, రెండు వేళ్లు చూపించి. “గంగను ఎందుకు తీసేసిన్రు?”

పేరెందుకు తీసేశారని అడిగి ఉంటే నా దగ్గర జవాబులు సిద్ధంగా ఉన్నాయి. ఎంబసీ, వీసా ఇచ్చిన కఫీల్, కంపెనీ రూల్సు. రాత్రంతా తయారు చేసుకున్నాను. దీనికి లేదు.

“చైనాలో గంగ ఎక్కడుందయ్యా?” అన్నాను.

“ఆయన ఏడ్సింది ఆయన గంగకు సార్. ఆయన గంగ పేరు నాకెరికె లేదు. నా గంగ పేరు ఆయనకెరికె లేదు. అయినా ఇద్దరికి తెలిసింది. నది అంటె ఎవ్వలది? అది బడి పుస్తకంల ఉంటది. దాన్ని పట్టుకొని ఎవడన్న నా అడుగేదని అడుగుతడా?”

అంత పొడుగ్గా ఆయన మాట్లాడగా నేను అంతకుముందు వినలేదు. గొంతు పెంచలేదు. నాకు కోపమొచ్చింది. తప్పు నాదని తెలిసిపోతే వచ్చే కోపం అది. భాష గురించి, ప్రమాణం గురించి, పాఠకుల గురించి గట్టిగా ఉపన్యాసం ఇచ్చాను. ఆయన విన్నాడు. గంగ మీద అంతసేపు వాదించిన నేను, రెండో మాట ఏంటని అడగలేదు. ‘తుడిసినవా’ గురించే అయి ఉంటుందని నాకు నేనే చెప్పేసుకున్నాను.

ఆ తర్వాత కూడా తొడుగులకు వచ్చేవాడు. సార్ అనేవాడు. “అట్ల కాదు” అనడం మాత్రం మానేశాడు. నేనేం చెప్పినా “సరే సార్” అనేవాడు. ఆ ‘సరే’ నాకు పడిన శిక్ష అని అప్పుడు తెలియలేదు, మనిషి మారాడనుకున్నాను. ఆరు నెలలకు కాంట్రాక్టు ఖలాస్ అయి ఊరికి వెళ్లిపోయాడు. నాలుగేళ్లయింది. ఆ నంబరుకు ఒక్కసారీ ఫోన్ చేయలేదు.

నా పేరున్న ఆ పుస్తకాన్ని ఎందుకు పట్టుకెళ్లాడో, తను అబద్ధాలకోరని రుజువు చేసే ఒకే ఒక్క కాగితాన్ని పెట్టెలో ఎందుకు పెట్టుకున్నాడో నాకు తెలియదు. చింపి పారేసి ఉంటే ఊళ్లో ఎవరూ ఏమీ అనలేకపోయేవారు.

తిరిగి ఫోన్ చేశాను. అందరికీ వినపడేలా స్పీకరు పెట్టమన్నాను.

“ఆ పాట మీ మామదే. ఒక్క మాట కూడా నాది కాదు. నా పేరు పొరపాటున పడలేదు, నేనే వేయించుకున్నాను. అబద్ధమాడింది ఆయన కాదు.”

అవతలి నుంచి ఒక పెద్దాయన గొంతు వినిపించింది. “మరి అప్పుడే ఎందుకు చెప్పకపోతిరి సార్?”

“అప్పుడు సిగ్గు లేదండి,” అన్నాను.

పెద్దాయన దగ్గాడు. “ఆయన పేరే రాయున్రి ఇగ,” అన్నాడు ఎవరితోనో. మేనల్లుడు ఫోను దగ్గరకు వచ్చి, పుస్తకంలో ఉన్నట్టు వద్దని అత్త అంటోందనీ, ఆయన చెప్పినట్టే రాయించాలందనీ, రంగులాయన రాసుకుంటాడనీ, కొంచెం చెప్పమనీ అన్నాడు.

చెప్పాను. గడ దింపితె, గడ లేపితె. ఎన్ని రేవులు దాటిన. గంగా అన్నాను, హాల్లో మైకు ముందు అనాల్సినంత గట్టిగా. నేనెక్కిన రేవుల నా అడుగు ఉంచినవా, తుడిసినవా.

వెనక నుంచి ఒక ఆడమనిషి గొంతు, ఏడ్చి ఏడ్చి బొంగురుపోయింది.

“అట్ల కాదు సార్.”

నాలుగున్నరేళ్ల తర్వాత ఆ మాట విన్నాను.

“ఉంచినవా కాదు. దాసినవా,” అందామె. “నా అడుగు దాసినవా, తుడిసినవా. ఆయన ఎన్నడు ఉంచినవా అనలే.”

చైనా ముసలాయన నేల మీద కప్పిన రెండు అరచేతులు, నేను అడగని ఆ రెండో మాట అప్పుడు అర్థమయ్యాయి. రంగులాయన ఏది రాయాలని అడుగుతున్నాడు.

“ఆమె చెప్పినట్టే రాయండి,” అన్నాను.